రెడ్‌వే అనే ఎర్రతారు దారి మీద ముందు నడిచేవారిని దాటడం ఎలా? తప్పుకోవలసింది ఎవరు?

ఉదయపు రైలు:
అందరికీ నమస్కారం. రాత్రి చాలాసేపు వెతికినా ఎక్కడా సూటి సమాధానం దొరకలేదు. ఒకచోట ఉన్న మాటకు ఇంకోచోట ఉన్న మాటకు పొంతన లేదు. విసుగెత్తి ఇక్కడ అడుగుతున్నాను. నేను రోజూ ఉదయం రైలు అందుకోవడానికి స్టేషన్ దాకా సైకిల్ మీద వెళ్తాను. సైకిల్ ట్రాక్ మీద జనం ముగ్గురేసి, నలుగురేసి పక్కపక్కన నడుస్తూ దారంతా ఆక్రమించేస్తారు, వెనుక నుంచి సైకిల్ వస్తుందన్న ధ్యాసే ఉండదు. ఇవాళ ఒక పెద్దాయన నేను దాటబోతుండగా చివరి క్షణంలో సరిగ్గా నా వైపుకే అడుగు వేశారు. సైకిల్‌ను గడ్డిలోకి దించి ఎలాగో నిలదొక్కుకున్నాను. అంతా అయ్యాక ఆయన నన్నే కోప్పడ్డారు. నియమం ప్రకారం ఎవరు తప్పుకోవాలి? దయచేసి సూటిగా చెప్పండి.

పాతచక్రం:
ఏ ఊరు? ఏ సైకిల్? ఎంత వేగం? బెల్లు ఉందా?

దీపధారి:
ఉదయపు రైలు అంటున్నారు కాబట్టి ముందుగా దీపాల సంగతి చూసుకోండి. ఇక్కడ బ్రిటన్‌లో డిసెంబరులో ఎనిమిది గంటలైతే గాని సూర్యోదయం కాదు. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు సైకిల్‌కు ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం వెలుగుతూ ఉండాలన్నది చట్టం. వెనుక ఎర్రటి రిఫ్లెక్టరు కూడా ఉండాలి, 1985 అక్టోబరు తరువాత తయారైన సైకిళ్లయితే పెడళ్లకు కాషాయరంగు రిఫ్లెక్టర్లు కూడా ఉండాలి. అయితే దీపం ఉంటే చాలదు, దాని వంపు కూడా ముఖ్యం. చాలామంది వెలుగు ఎదుటివారి కళ్లలో పడేలా లైటు బిగిస్తారు. చెట్ల మధ్య చీకటిదారిలో ఎదురుగా నడిచివచ్చే మనిషికి ఆ వెలుగు తప్ప ఇంకేమీ కనిపించదు, సైకిల్ ఏ పక్కనుంచి వస్తోందో తెలియక నిలుచున్నచోటే నిలుచుండిపోతారు. వెలుగు మీకు ఎనిమిది, పది మీటర్ల ముందు నేలమీద పడేలా లైటును కిందికి వంచండి. మిణుకుమిణుకుమనే దీపాలకు 2005 నుంచి చట్టం ఒప్పుకుంటోంది గాని, ఇలాంటి దారిలో నిలకడగా వెలిగే దీపమే అందరికీ మేలు.

ఉదయపు రైలు:
దీపాలు ఉన్నాయండీ, నా ప్రశ్న దాని గురించి కాదు. ఊరు మిల్టన్ కీన్స్. సన్న టైర్ల రోడ్ బైక్. బెల్లు లేదు, హ్యాండిల్ మీద చోటు లేక పెట్టలేదు. వేగం మామూలుగా గంటకు ఇరవై మైళ్లు ఉంటుంది, ఎందుకంటే రైలు నా కోసం ఆగదు. ఇప్పుడైనా చెప్పండి, తప్పుకోవలసింది ఎవరు?

పాతచక్రం:
మీరే.

గ్రిడ్ దాటినవాడు:
పాతచక్రం గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. అసలు విషయం అందులోనే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మీరు సైకిల్ ట్రాక్ అంటున్నది రెడ్‌వే. ఎర్రటి తారుతో, మామూలుగా మూడు మీటర్ల వెడల్పుతో, ఊరంతా రెండు వందల మైళ్లకు పైగా అల్లుకున్న ఈ దారులు మొదటినుంచీ నడిచేవారికీ సైకిల్ తొక్కేవారికీ కలిపి వేసినవి. దారి మొదట్లో కనిపించే గుండ్రటి నీలం బోర్డును గమనించండి. మనుషుల బొమ్మ, సైకిల్ బొమ్మ ఒకే వృత్తంలో ఉండి, మధ్య నిలువుగీత లేకపోతే అది ఉమ్మడి దారి. నిలువుగీత ఉంటే ఎవరి పక్క వారిది. మన ఊళ్లో చాలావరకు కనిపించేది మొదటి రకమే. అందువల్ల నలుగురు పక్కపక్కన నడవడం మర్యాద కాకపోవచ్చు గాని, వాళ్లు మీ దారిని ఆక్రమించారని అనడానికి వీల్లేదు.

ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో 2022 జనవరి 29 నుంచి అమలులోకి వచ్చిన మార్పులలో ఇది స్పష్టంగానే ఉంది. ఎక్కువ హాని చేయగలవారి మీదే ఎక్కువ బాధ్యత ఉంటుందని హెచ్1 నియమం చెబుతుంది, ఉమ్మడి సైకిల్ దారిలో సైకిల్ తొక్కేవారు నడిచేవారికి దారి ఇవ్వాలని హెచ్2 నియమం చెబుతుంది. వెనుక నుంచి దగ్గరగా గాని, వేగంగా గాని దాటవద్దని, ముందున్నవారికి చెవులు వినిపించకపోవచ్చని, కళ్లు కనిపించకపోవచ్చని గుర్తుంచుకోవాలని 63వ నియమంలో రాసి ఉంది. నడిచేవారు సైకిళ్లకు అడ్డుపడకుండా చూసుకోవాలని 13వ నియమం వాళ్లకూ చెబుతుంది గాని, ముందున్న మనిషికి వెనుక కళ్లుండవు.

ఇక వేగం లెక్క చూద్దాం. ఇరవై మైళ్లంటే సెకనుకు దాదాపు తొమ్మిది మీటర్లు. మీ మెదడు గుర్తించి చెయ్యి బ్రేకు నొక్కేలోగానే ఒక సెకను గడిచిపోతుంది. తడినేల మీద సన్న టైర్లతో పూర్తిగా ఆగడానికి, ఎంత బాగా బ్రేకు వేసినా, ఇంచుమించు ఇరవై రెండు మీటర్లు పడుతుంది. పన్నెండు మైళ్ల వేగంలో అది పది మీటర్లకు తగ్గుతుంది. ఆ పెద్దాయన పక్కకు వేసినది ఒక్క అడుగు. ఆ ఒక్క అడుగుకు చోటు మిగిలేలా మనం తొక్కుతున్నామా లేదా అన్నదే చూసుకోవాలి.

నియమపాలకుడు:
పైన చెప్పినదానిలో ఒక సవరణ ఉంది. హైవే కోడ్‌లోని వాక్యాలన్నీ చట్టం కావు. తప్పనిసరి అని పెద్ద అక్షరాలలో రాసినవాటికే వెనుక చట్టం ఉంటుంది. హెచ్2లో ఉమ్మడి దారి గురించిన వాక్యం ఆ కోవలోకి రాదు, అది సూచన మాత్రమే.

గ్రిడ్ దాటినవాడు:
సూచనే, కాదనను. అయితే ఆ సూచనను పాటించలేదన్న సంగతిని కోర్టులో మీకు వ్యతిరేకంగా చూపవచ్చని 1988 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టంలోనే ఉంది. అదే చట్టం ప్రకారం అజాగ్రత్తగా సైకిల్ తొక్కితే వెయ్యి పౌండ్ల వరకు, ప్రమాదకరంగా తొక్కితే రెండున్నర వేల పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు. కాబట్టి సూచనే కదా అని పక్కన పెట్టేయడానికి లేదు.

నియమపాలకుడు:
జరిమానా పడేది అజాగ్రత్తకు, సూచన పాటించనందుకు కాదు. ఈ రెండూ వేరువేరు విషయాలు. అడిగినవారు నియమం ఏమిటని అడిగారు కాబట్టి తేడా చెప్పవలసి వచ్చింది.

ఇద్దరు పిల్లల తల్లి:
చట్టం సంగతి మీరు తేల్చుకోండి, నేను చూసినది చెబుతాను. మా అత్తగారు, మామగారు గుంటూరు నుంచి ఆరు నెలలకని వచ్చారు. సాయంత్రం పూట ఇద్దరూ రెడ్‌వే మీద నడకకు వెళ్తారు. అక్కడి మన ఊళ్లలో బెల్లు మోగిందంటే తప్పుకోమని అర్థం. అందుకని వెనుక బెల్లు వినిపించగానే అత్తయ్య ఎడమకూ మామయ్య కుడికీ జరిగిపోతారు, మళ్లీ ఒకరికోసం ఒకరు కంగారుపడి మధ్యకు వచ్చేస్తారు. సరిగ్గా అప్పుడే సైకిల్ వాళ్లను చేరుకుంటుంది. మీద పడేంత దగ్గరకు వచ్చి గట్టిగా బెల్లు కొట్టేవాళ్ల కంటే, దూరంనుంచే ఒకసారి మెల్లగా కొట్టి, వేగం తగ్గించి, వాళ్లు వెనక్కి తిరిగి చూసేదాకా ఆగేవాళ్లే సాఫీగా దాటిపోవడం నేను చూశాను. కొందరు “రైట్” అని అరుస్తారు, అది విన్నవాళ్లు కుడివైపుకే జరుగుతారు. దానికి బదులు “గుడ్ మార్నింగ్, మీ పక్కనుంచి వెళ్తాను” అంటే చాలు. మనవాళ్లని తెలిస్తే “అలాగే నడవండి, నేను మెల్లగా వెళ్తాను” అని తెలుగులోనే చెప్పండి. దాటాక ఒక మంచిమాట చెబితే, ఆ తరువాత సైకిల్‌ను చూసి భయపడరు.

పాతచక్రం:
అండర్‌పాస్‌ల దగ్గర ఇంకా జాగ్రత్త. పల్లంలోకి దిగుతూ మలుపు తిరిగేచోట అవతల ఎవరున్నారో కనిపించదు. వెలుతురులోంచి ఒక్కసారిగా చీకట్లోకి వెళ్లేసరికి కళ్లు అలవాటు పడవు. శరదృతువులో ఆకులు రాలి, తడిసి, ఆ ఎర్రతారుకు అతుక్కుపోతాయి, వాటి మీద బ్రేకు వేస్తే ముందుచక్రం జారుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు. బెల్లు కూడా లోపలికి దిగకముందే కొట్టాలి.

దీపధారి:
ఆకుల విషయం నిజమే. అక్కడ దీపం మరీ అవసరం.

కొత్తగా చేరినవాడు:
ఇరవై మైళ్లతో వెళ్లాలనుకునేవారు రోడ్డు మీద వెళ్లవచ్చు కదా? గంటకు పద్దెనిమిది మైళ్లకు మించి వెళ్లదలిస్తే రోడ్డే ఎంచుకోవాలని రవాణాశాఖ 2004లోనే సైకిల్ తొక్కేవారికి సలహా ఇచ్చింది.

గ్రిడ్ దాటినవాడు:
సలహా మంచిదే, మన ఊరికి పూర్తిగా సరిపోదు. ఊరిని గళ్లుగా విడదీసే ఇక్కడి గ్రిడ్ రోడ్లలో చాలావాటి మీద కార్లు అరవై, డెబ్బై మైళ్లతో వెళ్తాయి, రౌండెబౌట్ల దగ్గర కార్లు నడిపేవారికి సైకిల్ కనబడదు. ఇళ్లమధ్య వీధుల్లో మాత్రం నిశ్చింతగా రోడ్డెక్కవచ్చు. ఆ పెద్ద రోడ్ల పక్కన రెడ్‌వేనే మేలు, కాకపోతే దాని వేగంతో వెళ్లాలి. పది నిమిషాలు ముందుగా బయలుదేరితే ఏ పోట్లాటా ఉండదు.

నియమపాలకుడు:
వేగం గురించి మాట్లాడుతూ అద్దె ఎలక్ట్రిక్ స్కూటర్లను ఎవరూ ప్రస్తావించలేదు. ట్రయల్‌లో భాగంగా అద్దెకిచ్చేవి మాత్రమే ఇక్కడ చట్టబద్ధం, సొంతంగా కొనుక్కున్నవాటిని రోడ్డు మీదా, రెడ్‌వే మీదా నడపకూడదు. ఎలక్ట్రిక్ సైకిల్ విషయంలో కూడా మోటారు 250 వాట్లకు, దాని సాయం గంటకు 15.5 మైళ్లకు మించితే అది చట్టం దృష్టిలో సైకిలే కాదు.

కొత్తగా చేరినవాడు:
అయితే సరుకులు తెచ్చే ఆ ఆరు చక్రాల రోబోల సంగతేమిటి? 2018 నుంచి అవీ ఇదే దారిలో తిరుగుతున్నాయి.

పాతచక్రం:
అవి నడక వేగంతో వెళ్తాయి. అవి తమంతట తామే ఆగుతాయి, మనం కూడా ఆగాలి.

ఉదయపు రైలు:
అందరికీ ధన్యవాదాలు. హ్యాండిల్‌కు బదులు కిందిగొట్టానికి బిగించుకునే చిన్న బెల్లు ఒకటి దొరికింది, తెప్పించాను. రైలు మాత్రం మార్చుకోలేను, ఇంటినుంచి కాస్త ముందుగా బయలుదేరి చూస్తాను.

ఇద్దరు పిల్లల తల్లి:
మంచిదండీ. ఇంకో సంగతి, కుక్కలకు కట్టే పొడవాటి సన్నతాడు దూరంనుంచి అసలు కనిపించదు. కుక్క ఒక అంచునా మనిషి ఇంకో అంచునా ఉంటే, మధ్యన తాడు ఉందనే అనుకోండి. ఉమ్మడి దారిలో తాడు పొట్టిగా ఉంచాలని 56వ నియమం.

నియమపాలకుడు:
అదీ సూచనే.