కాకటీల్ చిలుకకి స్నానం మనం చేయించాలా, దాని ఇష్టానికి వదిలెయ్యాలా?

సిరొంచ_శీను: మా కాకటీల్‌కి ప్రతి ఆదివారం వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్ళు చల్లార్చి స్నానం చేయిస్తాను. చేత్తో గట్టిగా పట్టుకుని గిన్నెలో ముంచుతాను. నిన్న మా తోడల్లుడు చూసి "పిట్టను చంపుతావా" అని ఒకటే గొడవ. మీరేమంటారు?

జయపురం_జానకి: మీ తోడల్లుడు చెప్పిందే నిజం. పిట్టకి ఊపిరి ఆడాలంటే రొమ్ము కదలాలి, గట్టిగా పట్టుకుంటే అక్కడే ఆగిపోతుంది. ఈకలు రాల్చే రోజుల్లో ఇంకా ఘోరం. కొత్త ఈక కాడలో రక్తం ఉంటుంది, వేలు తగిలినా నొప్పే. స్ప్రే సీసాతో పైనుంచి తుంపర పడేలా కొట్టండి, మొహం మీద వద్దు. నచ్చితే రెక్కలు విప్పి ఒళ్ళంతా చూపిస్తుంది. నచ్చకపోతే మూలకి పోతుంది, వదిలెయ్యండి. ఒట్టి నీళ్ళు చాలు. తోక మొదట్లో నూనె గ్రంథి ఉంది, ఈకలకి కావలసిన నూనె అదే రాసుకుంటుంది. సబ్బు పెడితే అది పోతుంది.

సిరొంచ_శీను: సబ్బు అని నేనెక్కడ అన్నాను మేడమ్? పసుపు అన్నాను.

గుణుపురం_గిరి: తెల్ల కాకటీల్ అయితే పెళ్ళికూతురే ఇక.

బల్లార్షా_బాబాయ్: మీ కోరాపుట్ కొండల్లో కూర్చుని కబుర్లు చెప్పడం తేలిక. మా దగ్గర మే నెలలో 45 దాటుతుంది. స్నానం లేకపోతే పిట్ట బతకదు.

జయపురం_జానకి: స్నానం వద్దని ఎవరన్నారు బాబాయ్? ముంచొద్దన్నాను. ఇంకోటి, పొద్దున చేయిస్తే సాయంత్రానికి ఆరుతుంది. ఆరలేదని హెయిర్ డ్రయర్ పెట్టకండి. కొన్నిటి లోపల నాన్‌స్టిక్ పూత ఉంటుంది, అది బాగా వేడెక్కితే వచ్చే పొగకి పిట్ట చచ్చిపోతుంది.

బల్లార్షా_బాబాయ్: డ్రయర్ సంగతి ఎవరడిగారు? పోయినేడు నీ మాట విని మా బడ్జీ చిలుకలకి పళ్ళెంలో నీళ్ళు పెట్టాను. ఒక్కటీ దిగలేదు. దోమలు మాత్రం దిగాయి.

జయపురం_జానకి: నీళ్ళు రోజూ మార్చమని కూడా చెప్పాను, అది వినలేదు. బడ్జీలకి తడి కొత్తిమీర కట్ట వేలాడదీయండి, వాటికి ఆకుల్లో దొర్లడమే ఇష్టం. శీను గారూ, అసలు వారం వారం అంత పట్టుబట్టి ఎందుకు ముంచుతున్నారు? పేలు పట్టాయా?

సిరొంచ_శీను: పేలు లేవు, ఏమీ లేవు. మా పాపకి ఉబ్బసం. పంజరం దులిపితే తెల్లపొడి గుప్పుమంటుంది, పాప రాత్రంతా దగ్గుతుంది. కడిగిన రోజు కాస్త తక్కువ. మా ఆవిడ పిట్టని ఎవరికైనా ఇచ్చెయ్యమంటోంది. పిల్లల దవాఖానలోనూ అదే మాట. పసుపు తప్పు, పట్టుకోవడం తప్పు అంటున్నారు కదా, మరి ఏం చెయ్యమంటారు?

జయపురం_జానకి: ఇది ముందే చెప్పాల్సింది. ఆ పొడి మురికి కాదు, కాకటీల్ తత్వమే అది. దాని సన్న ఈకల కొసలు పొడిగా రాలుతూనే ఉంటాయి. కడిగితే తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. పంజరం పాప పడుకునే గదిలో ఉందా?

సిరొంచ_శీను: ఉన్నదే ఒక్క గది.

బల్లార్షా_బాబాయ్: అయితే ఇచ్చెయ్యి. బిడ్డ కన్నా పిట్ట ఎక్కువా?

సిరొంచ_శీను: పిట్టని అడిగి తెచ్చుకుంది పాపే. ఇచ్చేస్తానంటే అన్నం మానేస్తుంది. మీరొచ్చి తినిపిస్తారా?

గుణుపురం_గిరి: వరండా లేదా అన్నా?

సిరొంచ_శీను: ఉంది. పిల్లులూ ఉన్నాయి.

జయపురం_జానకి: దగ్గర దగ్గరగా అల్లిన జాలీ కొట్టించండి, పంజరం గోడకి ఎత్తుగా బిగించండి. దులపకండి, తడిగుడ్డతో తుడవండి, అదీ పాప బడికెళ్ళాక. దగ్గు అప్పటికీ తగ్గకపోతే బాబాయ్ మాటే వినాలి, నాకు ఇష్టం లేకపోయినా.

బల్లార్షా_బాబాయ్: మొదట్నించీ నేను చెప్పేది అదే.

జయపురం_జానకి: మొదట్నించీ మీరు చెప్పింది ఎండల గురించి.