సభల్లో, పత్రికల్లో, ఫోన్లలో మన తెలుగు దిగజారిందా? విశాఖలో మూడు పేటలవాళ్ల మాటలివి.

సీతమ్మధార:
నా మట్టుకు దిగజారిందనే అంటాను. 1966లో మన ఊరు ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అంది. ఏం కావాలో, అడిగేదెవరో నాలుగు మాటల్లో తేలిపోయింది. ఇప్పుడు సభల్లో వేదిక మీదున్న పెద్దల పేర్లు చదవడానికే పావుగంట పడుతోంది. వీడియోల శీర్షికలు మరీ ఘోరం: ‘షాక్’, ‘సంచలనం’. జరిగిందేమిటో చివరిదాకా చెప్పరు. వాడుక భాష పేరుతో పట్టింపే వదిలేశాం.

పెదవాల్తేరు:
అన్నగారూ, తప్పు వాడుక భాష మీదికి తొయ్యకండి. గిడుగు రామమూర్తి గారు దానికోసం పోరాడింది చదివేవాడికి అర్థం కావాలని, ఎలా పడితే అలా రాయమని కాదు. 1974 ఆగస్టు 10న ఈనాడు మన విశాఖలోనే మొదలైంది. అప్పట్లో ఏ పత్రికైనా వార్త ఒకరు రాస్తే, సబ్ ఎడిటర్ దిద్దాకే అచ్చుకెళ్లేది. ఇవాళ రాసిన నిమిషానికే జనంలోకి పోతోంది. ఆ దిద్దే చెయ్యి పోవడమే అసలు నష్టం.

బరువైన మాటలుంటే మంచి తెలుగైపోదు కూడా. మా అపార్ట్‌మెంట్ నోటీసు చూడండి: ‘మరమ్మతుల నిమిత్తం నీటి సరఫరా తాత్కాలికంగా నిలుపుదల చేయబడును.’ ఎప్పుడు? ఎంతసేపు? ఆ ఊసే లేదు. వాచ్‌మన్ భార్య తలుపు తలుపూ కొట్టి, ‘రేపు పొద్దున్న ఆరింటి నుంచి మధ్యాహ్నం దాకా నీళ్లు రావమ్మా, రాత్రికే పట్టుకోండి’ అని చెప్పింది. నేనైతే ఆవిడకే మార్కులేస్తాను.

ఎంవీపీ కాలనీ:
అప్పట్లో మైకు అందిందెంతమందికండీ? పాతవాటిలో బాగున్నవి దాచుకున్నాం, మిగతావి పొట్లాలు కట్టేశారు. ఇప్పటి చెత్తంతా కళ్లెదుటే ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధమప్పుడు ఇల్లెలా గడుస్తుందో ఫిషింగ్ హార్బర్ కుర్రాళ్లే వీడియోల్లో చెబుతున్నారు. వాళ్ల మాటలో తడబాటు ఉంటే ఉండనివ్వండి. ఆ సంగతి వాళ్లకంటే బాగా ఎవరు చెప్పగలరు?

పెదవాల్తేరు:
నిజమే, ఆ కుర్రాళ్లను ఎవరూ దిద్దక్కర్లేదు. నా పట్టుదలంతా ప్రాణాల మీదికొచ్చే ప్రకటనల గురించి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసిన ఊరు మనది. ‘పదో నంబరు ప్రమాద హెచ్చరిక’ అంటే హార్బర్లో వాళ్లకు తెలుస్తుంది. మధురవాడలో రేకుల ఇంట్లో ఉన్నవాళ్లకు గాలి ఏ టైముకి ముదురుతుందో, ఇల్లు ఖాళీ చెయ్యాలో వద్దో, ఎక్కడికెళ్లాలో చెప్పాలి. అలాంటి ప్రకటన ఏదైనా బయటికిచ్చే ముందు ఆఫీసుతో సంబంధం లేని మనిషి చేత ఒకసారి చదివించాలి. ఆ మనిషి ‘అయితే ఇప్పుడు నేనేం చెయ్యాలి?’ అని అడిగితే, తిరగరాసి ఇవ్వాలి.