టైల్స్ సందులు నల్లబడ్డాయి, యాసిడ్ వాడకుండా శుభ్రం చేసే దారి ఉందా?

నిజాంపేట గృహిణి:
అందరికీ నమస్కారం. మాది 2012లో కట్టిన అపార్టుమెంటు. వంటింట్లో నేలకూ గోడకూ లేత రంగు టైల్స్ వేశారు. పొయ్యి వెనుక గోడ మీద టైల్స్ మధ్య సందులు జిడ్డు పట్టి గోధుమరంగుకు తిరిగాయి. సింకు ముందు నేల మీద నల్లగా ఉన్నాయి. స్నానాల గదిలో మూలలకు నల్లటి చుక్కలు, బకెట్ పెట్టే చోట గులాబీరంగు జిగురు, కుళాయి కింద తెల్లటి గట్టి పొర. మాకు తాగడానికీ వంటకూ కృష్ణా నీళ్లు, మిగతా అన్నిటికీ బోరు నీళ్లే. ఇళ్లు కడిగే మనిషి ఒకరు యాసిడ్ పోసి క్షణాల్లో తెల్లగా చేస్తానంటున్నారు. పక్క ఫ్లాటువాళ్లు అలాగే చేయించారు. ఆ రోజుకు కొత్తవాటిలా మెరిశాయి గానీ కొద్ది నెలలకే మునుపటికంటే నల్లబడ్డాయి. పైగా మా అత్తయ్యగారికి ఉబ్బసం. ఘాటు వాసన ఏదీ పడదు. ఏం చేయమంటారు?

మియాపూర్ నివాసి:
వంటసోడా చల్లి దానిమీద వెనిగర్ పోయండి. బాగా పొంగుతుంది, తర్వాత బ్రష్‌తో రుద్దండి. మా ఇంట్లో కొంతవరకు పోయింది.

టైల్స్ మేస్త్రీ, తెనాలి:
అమ్మా, యాసిడ్ మాత్రం పోయనివ్వకండి. ఈ పని మా నాన్న దగ్గర నేర్చుకుని ఇన్నేళ్లుగా చేస్తున్నాను, యాసిడ్ పోసిన నేలలను బాగుచేయడానికే ఎన్నో ఇళ్లకు వెళ్లాను. సందులో ఉన్నది సిమెంటు. సిమెంటులో సున్నం ఉంటుంది. యాసిడ్ పడగానే బుస్సుమని పొంగేది ఆ సున్నమే, మురికి కాదు. పై పొర కరిగి కొట్టుకుపోతుంది కాబట్టి కింద తెలుపు కనిపిస్తుంది. ఆ తర్వాత మిగిలేది గుల్లబారిన గరుకు సందు. అందులోకి మురికి ఇంకా లోతుగా దిగుతుంది. మీ పక్క ఫ్లాటులో జరిగింది ఇదే. ఇలా పదేపదే చేస్తే నింపు రాలిపోయి, స్నానాల గది నీళ్లు కింది ఇంటి కప్పుకు చెమ్మగా దిగుతాయి. మీ ఇంట్లో కడప బండగానీ తాండూరు బండగానీ ఉంటే మరీ జాగ్రత్త. రెండూ సున్నపురాయి జాతివే, యాసిడ్ చుక్క పడితే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది.

మీరు చెప్పినవన్నీ ఒకే మరక కాదమ్మా. దేని మందు దానికే.

వంటింటి జిడ్డుకు చాకలి సోడా చాలు. లీటరు వేడినీళ్లలో రెండు చెంచాలు కలపండి, చేతికి తొడుగు వేసుకోండి. ముందుగా సందులను మామూలు నీళ్లతో తడపండి. పొడిగా ఉన్న సిమెంటు దాహంతో ఉంటుంది, మీరు పోసిన సోడానీళ్లను జిడ్డుతో సహా లోపలికి పీల్చేస్తుంది. తడిసి ఉంటే మందు పైనే నిలిచి పని చేస్తుంది. పావుగంట ఆగి నైలాన్ బ్రష్‌తో సందు వెంట పొడవుగా రుద్దండి. స్టీలు పీచు వద్దు. దాని తీగ ముక్కలు సందులో ఇరుక్కుని తుప్పు మరకలు పడతాయి.

అసలు పని దీని తర్వాతే ఉంది. రుద్దగానే వచ్చే నల్లటి నీళ్లను వెంటనే పొడిగుడ్డతో ఎత్తేయాలి. చాలామంది రుద్ది, నీళ్లు పోసి, తడిగుడ్డతో లాగి వదిలేస్తారు. సందు టైల్ కంటే కాస్త పల్లంలో ఉంటుంది కదా, ఆ మురికి నీళ్లు అక్కడే చేరి ఆరిపోతాయి. రోజూ ఒకే బకెట్ నీళ్లతో ఇల్లంతా తుడిచినా జరిగేది ఇదే. సింకు ముందు మీ నేల నల్లబడడానికి కారణం కూడా చాలావరకు ఇదే అయి ఉంటుంది. వంటింటికి వేరే నీళ్లు పెట్టుకోండి.

గులాబీ జిగురు సబ్బు మడ్డి మీద పెరిగే సూక్ష్మజీవులది. సబ్బునీళ్లతో రుద్ది ఆ చోటును ఆరనిస్తే చాలు. నల్ల చుక్కలు బూజు. దానికి బ్లీచింగ్ పౌడర్‌ను నీళ్లలో కలిపి, అడుగున సున్నం దిగాక పైన తేటను మాత్రమే వాడడం మా పద్ధతి. అత్తయ్యగారికి ఉబ్బసం అన్నారు కాబట్టి మీకు అది వద్దు. మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వంటసోడా కలిపి ముద్దలా చేసి పట్టించండి. ఘాటు వాసన రాదు.

తెల్లటి పొర బోరునీటి ఉప్పు. వెనిగర్‌లో తడిపిన గుడ్డను టైల్ మీది పొరపైన మాత్రమే పెట్టండి, సందు మీద ఉంచకండి. మెత్తబడ్డాక ప్లాస్టిక్ ముక్కతో గీకి, నీళ్లతో కడిగేయండి.

నిజాంపేట గృహిణి:
ఎంతో ఓపికగా చెప్పారు, ధన్యవాదాలు. ఈ రోజు వంటింట్లో మొదలుపెట్టాను. నేల బాగా వచ్చింది. కానీ పొయ్యి వెనుక సోడానీళ్లు తగిలిన సందులు కొన్ని ఎర్రగా మారాయి! పాడయ్యాయా?

కెమిస్ట్రీ టీచర్, ఖమ్మం:
కంగారు పడకండి, అది పోపు చిమ్మినప్పుడు ఇంకిన పసుపు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది కదా, ఇక్కడ సున్నం చేసే పని సోడా చేసింది. అంటే ఆ గోధుమరంగులో జిడ్డుతో పాటు పసుపూ ఉందన్నమాట. నీళ్లతో బాగా కడిగితే ఎరుపు తగ్గుతుంది. తర్వాత పెరాక్సైడ్ ముద్ద పట్టించండి, పసుపు రంగును అది విరిచేస్తుంది. ఎండ తగిలే గోడ అయితే ఇంకా త్వరగా వెలిసిపోతుంది.

వెనిగర్, వంటసోడా కలపమన్న సలహా గురించి ఒక మాట. ఆ రెండూ కలిస్తే ఒకదాన్ని ఒకటి చంపుకుంటాయి. నురగ చూడడానికి బాగుంటుంది, మిగిలేది మాత్రం దాదాపు ఉప్పునీళ్లే. ఇంకొకటి, ఇది ప్రాణానికి సంబంధించినది. బ్లీచింగ్ పౌడర్ వాడిన చోట యాసిడ్‌గానీ, మరుగుదొడ్డి కడిగే ద్రవంగానీ, వెనిగర్‌గానీ పోయకూడదు. క్లోరిన్ వాయువు వెలువడుతుంది. కిటికీ మూసిన చిన్న స్నానాల గదిలో ఆరోగ్యవంతులకే ఊపిరి ఆడదు.

నిజాంపేట గృహిణి:
ఎరుపు నిజంగానే తగ్గింది. సందుల్లో పాత సిమెంటంతా తీయించి, ఎపాక్సీ అనే నీరు పీల్చని రసాయన నింపు వేయించమని మావారు అంటున్నారు. అవసరమంటారా?

టైల్స్ మేస్త్రీ, తెనాలి:
తొందరపడకండి అమ్మా. రెండు రోజులు ఆరనిచ్చి సందు మీద నీటిచుక్క వేసి చూడండి. చుక్క అలాగే నిలిస్తే ఏమీ చేయనక్కర్లేదు. పీల్చుకుని ఆ చోటు ముదురు రంగుకు తిరిగితే గ్రౌట్ సీలర్, అంటే సందులోకి నీళ్లు ఇంకకుండా ఆపే పూత, పూయిస్తే చాలు. నింపు వేలికి పొడిలా రాలుతుంటే అప్పుడు ఎపాక్సీ ఆలోచించండి. అయితే ముందు సందు వెడల్పు చూసుకోండి. చాలా ఇళ్లలో స్పేసర్లు (టైల్స్ మధ్య ఎడం కోసం ఉంచే చిన్న ముక్కలు) పెట్టకుండా టైల్‌కు టైల్ ఆనించి, పైన వైట్ సిమెంట్ రుద్ది తుడిచేశారు. అలాంటి సందులో ఎపాక్సీ నిలవడానికి చోటుండదు, పైపైన వేస్తే పెచ్చులుగా లేస్తుంది. కనీసం 2 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే, పాత నింపును రంపంతో అంతే లోతు తీయించి వేయించవచ్చు. వేసేవారు కొంచెం కొంచెంగా కలుపుకొని, గట్టిపడకముందే టైల్ మీది పొరను తుడవాలి. ఆరిపోయాక ఆ మరక వదలదు. బేరం మాట్లాడేటప్పుడే ఈ సంగతి అడగండి.