‘పారనాయిడ్’ నిజంగా అరగంటలో పుట్టిన పాటేనా?

జయనగర పాఠకుడు అడిగిన ప్రశ్న:

చిక్‌పేట పరిసరాల్లో ఆదివారం పూట జరిగే సంతలో, పాత స్టవ్‌లూ చేతి గడియారాలూ పరిచిన గోనెపట్టా పక్కన రికార్డుల కుప్ప ఒకటి కనబడితే, అందులోంచి బ్లాక్ సబ్బత్ అనే ఇంగ్లాండు రాక్ బృందం వారి ‘పారనాయిడ్’ (లేనిపోని అనుమానాలతో, భయాలతో వేగే మనిషి అని అర్థం) ఎల్పీని పోయిన నెల తెచ్చుకున్నాను. అట్ట ఒక మూల తడిసి ఉబ్బింది గానీ బొమ్మ చెక్కుచెదరలేదు. చీకటి అడవిలో శిరస్త్రాణం పెట్టుకున్న మనిషి ఒకడు, చేత కత్తీ డాలూ పట్టుకొని, చెట్టు చాటు నుండి మీదికి దూకుతుంటాడు. అతని రూపం వెనక అదే రూపం మసకగా మళ్ళీ మళ్ళీ పడి ఉంటుంది. పేరుకూ ఈ బొమ్మకూ పొంతన ఏమిటో ఎంత చూసినా నాకు బోధపడలేదు.

గిటారు నేర్చుకుంటున్న మా తమ్ముడు వాళ్ళ గురువుగారి మాటగా చెప్పేదేమిటంటే, రికార్డుకు పేరిచ్చిన ‘పారనాయిడ్’ పాటను అందులో మిగిలిన ఖాళీ నింపడానికి అరగంటలో కట్టేశారట. ఇన్నేళ్ళుగా లోకమంతా పాడుకుంటున్న పాట అంత తేలికగా పుట్టిందంటే నమ్మబుద్ధి కావడం లేదు. పైగా పాటంతా శ్రద్ధగా విన్నా ‘పారనాయిడ్’ అన్న మాట ఒక్కసారి కూడా చెవిన పడలేదు. తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరని మనవి.

మల్లేశ్వరం నుండి ఒక పాత శ్రోత జవాబు:

మీ తమ్ముడి గురువుగారు చెప్పింది నిజమే. 1970 జూన్‌లో లండన్‌లో రోడ్జర్ బెయిన్ నిర్మాతగా ఈ రెండో ఆల్బమ్ రికార్డు చేస్తున్నప్పుడు, ఉన్న పాటలన్నీ కలిపినా నిడివి చాలలేదు, ఇంకొక చిన్న పాట కావాలన్నారు. మిగతావాళ్ళు భోజనానికి వెళ్ళిన సమయంలో గిటారిస్టు టోనీ అయోమీ ఒక్కడే కూర్చొని ఆ రిఫ్ (పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటారు వరస) పట్టుకున్నాడు. వాళ్ళు తిరిగి రాగానే వినిపించాడు. బేస్ వాయించే గీజర్ బట్లర్ అక్కడికక్కడే సాహిత్యం రాసి ఇస్తే, గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ ఆ కాగితం చూస్తూ పాడేశాడు. అంతా కలిపి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలే పట్టిందని డ్రమ్స్ వాయించే బిల్ వార్డ్ తర్వాత చెప్పాడు. బట్లర్‌కు మొదట్లో ఇది లెడ్ జెపెలిన్ అనే మరో రాక్ బృందం వారి ‘కమ్యూనికేషన్ బ్రేక్‌డౌన్’ పాటకు మరీ దగ్గరగా ఉందని సంకోచం కూడా కలిగింది.

ఇక అట్ట విషయం. ఆ ఆల్బమ్‌కు ముందు అనుకున్న పేరు ‘వార్ పిగ్స్’. దాదాపు ఎనిమిది నిమిషాలు సాగే ఆ పాట, యువకులను యుద్ధానికి తోసి తాము దూరాన కూర్చునే పెద్దల మీద కోపంతో రాసినది. కత్తీ డాలూ పట్టిన మనిషి ఆ పేరు కోసం తీసిన ఫోటో. ఈలోగా ‘పారనాయిడ్’ సింగిల్‌గా (ఒక పాట కోసం విడిగా వేసే చిన్న రికార్డు) వచ్చి బ్రిటన్ అమ్మకాల పట్టికలో 4వ స్థానం దాకా పోయింది. వియత్నాం యుద్ధం సాగుతున్న రోజులు కనుక ‘వార్ పిగ్స్’ అన్న పేరంటే కంపెనీకి బెరుకు ఉండనే ఉంది. దాంతో పేరు మార్చారు, బొమ్మను మాత్రం అలాగే ఉంచేశారు. 1970 సెప్టెంబరులో విడుదలైన ఆ ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. మీ చేతిలో ఉన్న అట్ట, ఒక పాట ఆల్బమ్ పేరునే లాగేసుకుందనడానికి సాక్ష్యం. తడిసిన మూలను ఎండలో పెట్టకండి, రెండు పెద్ద పుస్తకాల మధ్య నాలుగు రోజులు ఉంచండి.

  

బసవనగుడి నుండి వీణ నేర్చుకున్న ఒక శ్రోత జవాబు:

పేరులోని మాట పాటలో లేకపోవడం గురించి నాకు తోచింది రాస్తాను. మన చెవికి పాట అంటే పల్లవి ఉండాలి; ఎక్కడికి వెళ్ళినా తిరిగి అక్కడికే రావాలి. ఈ పాటకు పల్లవే లేదు. ఒకే వరసలో చరణాలు ఒకదాని వెనక ఒకటి తోసుకొని వస్తాయి, మధ్యలో సాయం చేయమని అడిగే చిన్న మలుపు ఒకటి, ఆ తర్వాత గిటారు సోలో, మళ్ళీ చరణాలు, ఉన్నట్టుండి ఆగిపోవడం. మూడు నిమిషాలు కూడా పట్టదు. పల్లవి ఉంటే పేరు అందులో పడేది, మనం దాన్నే పట్టుకొని పాడుకునేవాళ్ళం. ఇందులో విన్నవాడికి తిరిగి వచ్చి నిలబడే చోటు లేదు, మనసు కుదుటపడని మనిషి గోడు ఇంతకంటే సరిగ్గా వినిపించదని నా నమ్మకం. బట్లర్ ఇది నిజానికి కుంగుబాటు గురించి రాసిన పాటేననీ, కుంగుబాటుకూ పారనోయాకూ (లేనిపోని అనుమానాల జబ్బుకూ) తేడా అప్పట్లో తనకు తెలియదనీ తర్వాత చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతుంటే తనకు మాత్రం నవ్వు రాని మనిషి మాటలవి. ఇరవై ఏళ్ళ పిల్లవాడు అంత సూటిగా రాయగలిగాడంటే అది మాటలు వెతుక్కొని రాసింది కాదు, లోపల ఉన్నదే బయటకు వచ్చింది.

ఇంకొక చిన్న సంగతి చెప్పాలి. సోలో దగ్గర హెడ్‌ఫోన్ పెట్టుకొని వినండి. ఒక చెవిలో గిటారు ధ్వని ఉన్నదున్నట్టుగా, ఇంకొక చెవిలో అదే వాయింపు రింగ్ మాడ్యులేటర్ అనే, ధ్వనిని మార్చే పరికరం గుండా వెళ్ళి పగిలిన కంచు మోగినట్టుగా వినబడుతుంది. ఒకే మాటను తలలో రెండు గొంతులు పలికినట్టు ఉంటుంది. ఒక్క స్పీకరు మీద వింటే ఇది తెలియదు.

ఇందిరానగర్ నుండి గిటారు నేర్పే వ్యక్తి జవాబు:

పై ఇద్దరూ చెప్పినవాటితో ఏకీభవిస్తూనే, ‘అరగంట’ అన్న మాటకు మాత్రం అభ్యంతరం చెబుతాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే పిల్లలు ఆ మాట విని సాధన మానేస్తున్నారు. బర్మింగ్‌హామ్‌లో రేకుల కర్మాగారంలో పని చేస్తున్న అయోమీకి పదిహేడో ఏట, ఆ ఉద్యోగంలో అదే చివరి రోజున, యంత్రం కింద కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతివాటం వాడు, అంటే గిటారు మెట్ల మీద తీగలు నొక్కవలసింది ఆ కుడిచెయ్యే. అగ్నిప్రమాదంలో రెండు వేళ్ళు పనికిరాకుండా పోయినా గొప్పగా వాయించిన జాంగో రైన్‌హార్ట్ రికార్డును కర్మాగారంలోని పై అధికారి తెచ్చి వినిపించాక అతను మళ్ళీ గిటారు పట్టాడు. గిన్నెలు తోమే సబ్బు ద్రవం వచ్చే ప్లాస్టిక్ సీసాను కరిగించి, వేలి కొసలకు తొడుగులు చేసుకొని, పైన తోలు అంటించుకున్నాడు. తొడుగుకు తీగ స్పర్శ తెలియదు కనుక బలంగా నొక్కలేక సన్నని తీగలు వెతుక్కున్నాడు. ఆ తర్వాత ఊరూరా క్లబ్బుల్లో, జర్మనీలోని హాంబర్గ్‌లో రోజుకు పలుమార్లు గంటల తరబడి వాయించిన వాయింపు ఉంది. వాళ్ళ మొదటి ఆల్బమ్ మొత్తాన్ని ఒక్క రోజులో రికార్డు చేయగలిగారంటే కారణం అదే. భోజన విరామంలో అతను కట్టింది రిఫ్ ఒక్కటే, దాన్ని కట్టగల చెయ్యి తయారు కావడానికి ఐదేళ్ళు పట్టింది.

మీ తమ్ముడికి చెప్పండి: పన్నెండో మెట్టు దగ్గరి ఆరంభం సులువుగానే వస్తుంది. కష్టమంతా చరణాల కింద అరచేతి అంచుతో తీగను అణచి, ఒకే వేగంతో చివరి దాకా కొట్టడంలో ఉంది. రెండో నిమిషానికి నా విద్యార్థుల్లో చాలామందికి మణికట్టు బిగుసుకుపోతుంది. తగ్గించిన వేగంతో మొదలుపెట్టమనండి.

మల్లేశ్వరం పాత శ్రోత మళ్ళీ:

గిటారు నేర్పే వారి మాట సబబుగా ఉంది, ‘అరగంట’ అన్న మాటను నేనూ ఇక అంత తేలికగా వాడను. సింగిల్ విజయం తర్వాత ఏమైందో చెప్పడం మరిచాను. బ్రిటన్ టీవీలో వచ్చే పాటల కార్యక్రమం ‘టాప్ ఆఫ్ ది పాప్స్’లో కనబడ్డాక ఆ ఒక్క పాట కోసమే కేకలు వేసే కొత్త గుంపులు కచేరీలకు రావడంతో బృందానికి ఇబ్బందిగా అనిపించి, కొంతకాలం సింగిల్స్ విడుదల చేయకూడదని నిర్ణయించుకున్నారు, 1972లో గానీ బ్రిటన్‌లో మరొకటి రాలేదు. ఇంత చేసినా కచేరీల చివర ఈ పాటను మాత్రం తప్పించుకోలేకపోయారు.

2007 మార్చిలో మన బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ అనే మెటల్ బృందం వాయించిన రోజున నేను జనం మధ్య నిలబడి ఉన్నాను, సబ్బత్‌ను మాత్రం అలా చూసే భాగ్యం కలగలేదు. 2025 జులై 5న వాళ్ళ సొంత ఊరు బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లో నలుగురూ కలిసి చివరిసారి వాయించిన కచేరీని ఇక్కడ తెల్లవారుజామున ఫోనులో చూశాను. నిలబడలేని ఓజీ సింహాసనం లాంటి కుర్చీలో కూర్చొనే పాడాడు. ఆఖరి పాట ‘పారనాయిడ్’. పదిహేడు రోజుల తర్వాత, జులై 22న అతను కన్నుమూశాడు.

జయనగర పాఠకుడు:

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి హెడ్‌ఫోన్‌తో విన్నాను, రెండో చెవిలోని ఆ పగిలిన కంచు ధ్వని ఇన్ని రోజులూ నాకు వినబడనే లేదు. మా తమ్ముడు సగం వేగంతో మొదలుపెట్టాడు. ప్రస్తుతానికి రెండో చరణం దాకా ఆగకుండా వస్తోంది.