స్ప్లిట్ నుంచి వారం రోజులు యాట్‌లో: బ్రాచ్, హ్వార్, విస్ కుదురుతాయా?

ప్రశ్న: జూన్‌లో ఆరుగురం క్రొయేషియాలోని స్ప్లిట్ నగరానికి వెళ్తున్నాం. 40 అడుగుల తెరచాప యాట్ అద్దెకు తీసుకుంటే మూడు దీవులూ చూడగలమా? స్కిప్పర్ (పడవ నడిపే కెప్టెన్) తప్పనిసరా?

జవాబు 1: చూడొచ్చండీ. అద్దె సాధారణంగా శనివారం నుంచి శనివారానికే, కానీ పడవని శుక్రవారం సాయంత్రానికే మరీనాకి (యాట్‌లు నిలిపే రేవుకి) చేర్చాలి. మొదటి రాత్రికి బ్రాచ్‌లోని మిల్నా రేవు చాలు. దూరమైన విస్‌ను వారం మధ్యలో పెట్టుకోండి. చివరికి వదిలితే ఎదురుగాలికి తిరుగు ప్రయాణం ఆగిపోవచ్చు.

జవాబు 2: క్రొయేషియా గుర్తించిన లైసెన్సు, వీహెచ్‌ఎఫ్ (పడవల్లో మాట్లాడుకునే) రేడియో సర్టిఫికెట్ రెండూ ఉంటేనే స్కిప్పర్ లేకుండా ఇస్తారు. స్కిప్పర్‌ని పెట్టుకుంటే ఆయన పడక, భోజనం మీవే. అంటే ఏడు పడకలు చూసుకోండి.

జవాబు 3: లంగరు సముద్రపు గడ్డి మీద వేయకండి, పట్టదు. ఇసుక చూసి, 5 మీటర్ల లోతుకి 25 మీటర్ల గొలుసు వదలండి. ఈశాన్యం నుంచి బురా గాలి హఠాత్తుగా విరుచుకుపడుతుంది, రోజూ పొద్దున్నే వాతావరణ సూచన వినాల్సిందే.