ఒక రిమోట్ తిప్పితే రెండు ఇంజన్లూ కదులుతున్నాయి, రెండో రిమోట్ పెడితే అసలేదీ కదలట్లేదు

శ్రీను_స్టుట్‌గార్ట్:
అన్నలూ ఎవరైనా చెప్పండి, మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నా ఇప్పటిదాకా తేలలేదు. పట్టాల మీద తిరిగే బొమ్మ రైలు సెట్ కొన్నా. మావాడికో ఇంజను, పాపకో ఇంజను, చెరో రిమోట్ ఉంటే కొట్టుకోరు కదా అని రెండో రిమోట్ కూడా కొన్నా. ఒక రిమోట్ నాబ్ తిప్పితే రెండు ఇంజన్లూ బయల్దేరుతున్నాయి. ఇంజన్ నంబర్ మార్చాలి అని ఎక్కడో చదివి మార్చా, అయినా అంతే. రెండో రిమోట్ గుచ్చితే మొదటిది కూడా బిగుసుకుపోయి ఎర్రర్ చూపిస్తోంది. పిల్లలిద్దరూ ఏడ్చి పడుకున్నారు, మా ఆవిడ డబ్బులు ఎంతయ్యాయని అడుగుతోంది.

టంకం:
ఏ సిస్టమ్?

శ్రీను_స్టుట్‌గార్ట్:
మామూలు డిజిటలే అన్నా, డీసీసీ. అదే, పట్టాల్లోంచే ఒక్కో ఇంజన్‌కి దాని నంబర్ మీద ఆర్డర్ వెళ్తుంది కదా, అది.

టంకం:
డీసీసీ అంటే పట్టాల్లో వెళ్ళే సిగ్నల్ వరకే స్టాండర్డ్. రిమోట్ల మధ్య వైర్లలో ఏం నడుస్తుందో అందులో లేదు, అది ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. కంపెనీ, మోడల్ చెప్తే ఏమన్నా చెప్పగలం.

గెప్పింగెన్_బాబాయ్:
స్టుట్‌గార్ట్ లో ఉండి మార్క్‌లిన్ కంపెనీ రైళ్ళు కొనకపోవడం ఏంటయ్యా, వాళ్ళ ఊరు గెప్పింగెన్ పక్కనే కదా. ఎంఎఫ్ఎక్స్ అని సొంత డిజిటల్ పద్ధతి 2004 నుంచీ ఉంది వాళ్ళకి, ఇంజన్ పట్టా మీద పెడితే అదే నా పేరు ఇదీ అని చెప్పుకుంటుంది, ఈ నంబర్ల గోల ఉండదు. అది కూడా మధ్యలో కాంటాక్టు ఉన్న పట్టా కాబట్టి లూప్ తిప్పి వెనక్కి తెచ్చినా షార్ట్ అవ్వదు, మీ రెండు పట్టాల వాళ్ళు దానికో మాడ్యూల్ కొనాలి మళ్ళీ. నేను ఎప్పటినుంచో చెప్తూనే ఉన్నా ఈ గ్రూప్ లో.

టంకం:
బాబాయ్, ఆయన ఆల్రెడీ కొన్నాడు. ఇప్పుడు పట్టాలతో సహా మార్చమంటావా?

శ్రీను_స్టుట్‌గార్ట్:
రోకో కంపెనీ మల్టీమౌస్ రిమోట్. స్టార్టర్ సెట్ లో వచ్చింది ఒకటి, రెండోది ఇక్కడ ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ తీసుకున్నా. ఇంజన్లు ఒకటి సెట్ లోది, ఇంకోటి ఇండియా నుంచి తెప్పించుకున్న డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజన్ మోడల్, డీకోడర్ (సిగ్నల్ అందుకుని ఇంజన్‌ని నడిపే చిప్పు) నేనే వేశా.

మూర్తి_కాజీపేట:
చూడు నాయనా, రిమోట్ అనేది టీవీకి. ఇంజన్‌కి ఉండేది త్రాటిల్. నేను నడిపిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్‌లో త్రాటిల్‌కి ఎనిమిది నాచ్‌లే, అంటే మెట్లే, దాంతోనే గూడ్స్ లాగాం. వీళ్ళు బొమ్మ ఇంజన్‌కి 128 స్టెప్పులంటారు, ఎందుకో మరి. సరే, డబ్ల్యూఏపీ-7 అన్నారు, లాలాగూడ షెడ్ రంగేనా? ఫోటో పెట్టండి.

ఉప్మా_ఎక్స్‌ప్రెస్:
ఫోన్‌లో యాప్ వేసుకోండి, రిమోట్లు ఎందుకు.

టంకం:
సెట్ లో వచ్చిన ఆ డబ్బాకి వైఫై లేదు బ్రో. వేరే సెంట్రల్, అంటే కంట్రోల్ డబ్బా, కొనాలి.
శ్రీనూ, నంబర్ మార్చేటప్పుడు రెండో ఇంజన్ ఎక్కడుంది?

శ్రీను_స్టుట్‌గార్ట్:
పట్టా మీదే. దాన్నెందుకు తియ్యాలి, నేను మార్చింది సెట్ ఇంజన్‌ది కదా, 3 ఉండేది 4 చేశా.

టంకం:
అదిగో. కొత్త డీకోడర్ ఏదైనా 3తోనే వస్తుంది, కాబట్టి నీ రెండు ఇంజన్లూ 3. ప్రోగ్రామింగ్ లో సీవీ1 లో, అంటే డీకోడర్ తన ఇంజన్ నంబర్ దాచుకునే చోట, 4 రాయి అని పంపితే పట్టా మీద కరెంటు తగులుతున్న ప్రతి డీకోడరూ రాసుకుంటుంది, ఫలానా ఇంజన్ కి అని అందులో ఉండదు. అంటే నువ్వు రెండిటినీ కలిపి 4 చేశావు. ఈ డబ్బాతో సీవీ రాయడమే గానీ చదవడం కుదరదు కాబట్టి నీకు తెలిసే దారి కూడా లేదు. ఒక ఇంజన్ ని చేత్తో ఎత్తి బల్ల మీద పెట్టు, పట్టా మీద మిగిలిన దానికి 7 రాయి, తర్వాత ఎత్తినది మళ్ళీ పెట్టు.
రెండో రిమోట్ ఎక్కడ గుచ్చావు?

శ్రీను_స్టుట్‌గార్ట్:
మాస్టర్ అని రాసి ఉన్న సాకెట్ కే, టెలిఫోన్ వైర్ కి పెట్టే రెండు నోళ్ళ పిన్ను పెట్టి. స్లేవ్ అని ఉన్నది వేరే దేనికో అనుకున్నా.

టంకం:
ఆ పిన్ను తీసి పక్కన పడెయ్. ఈ సెట్లో బుర్ర ఉండేది మాస్టర్ రిమోట్ లోనే, డబ్బా ఉత్త ఆంప్లిఫయర్. అందుకే మాస్టర్ పీకితే అన్నీ ఆగిపోతాయి. నువ్వు రెండు బుర్రలు ఒకే వైరు మీద పెట్టావు. రెండోది స్లేవ్ సాకెట్ లోకే వెళ్ళాలి. ఇంకోటి, ఎక్స్‌ప్రెస్‌నెట్ లో, అంటే ఈ రిమోట్లు వైర్ల మీద మాట్లాడుకునే పద్ధతిలో, ప్రతి రిమోట్ కీ సొంత నంబర్ ఉంటుంది, 1 నుంచి 31 లోపు. రెండిటికీ ఒకటే ఉంటే మాస్టర్ పిలిచినప్పుడు, హాజరు వేసేటప్పుడు ఒకే పేరున్న ఇద్దరు ప్రెజెంట్ సార్ అన్నట్టు, రెండూ ఒకేసారి పలికి ఏదీ వినపడదు. సెట్టింగ్స్ లో ఎక్స్‌ప్రెస్‌నెట్ అడ్రస్ చూసి వేరేది పెట్టు, సెకండ్ హ్యాండ్ అంటున్నావు, పాతాయన ఏం పెట్టుకున్నాడో.

శ్రీను_స్టుట్‌గార్ట్:
ఒక్క నిమిషం, మరి 4, 7 అన్నావు కదా, రిమోట్ కి 4 పెట్టి రెండోదానికి 7 పెట్టాలా?

టంకం:
కాదు. అది ఇంజన్ అడ్రస్, ఇది రిమోట్ అడ్రస్, దేనికదే. ఏ రిమోట్ లోనైనా ఏ ఇంజన్ నైనా పిలవొచ్చు. ఇద్దరూ ఒకే ఇంజన్ పిలిస్తే ఆఖర్న నాబ్ తిప్పినవాళ్ళ చేతిలోకి వెళ్తుంది, పిల్లలు ఇది పది నిమిషాల్లో కనిపెడతారు. ఎర్ర స్టాప్ బటన్ ఎవరు నొక్కినా మొత్తం ఆగుతుంది, అదీ కనిపెడతారు.

మూర్తి_కాజీపేట:
అడ్రస్ రెండు చోట్లా అనకుండా ఒకదాన్ని షెడ్ నంబర్ అని పిలిస్తే ఈ తికమక ఉండదు. అది పక్కన పెడితే, అసలు సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, ఈ మోడల్ సైజు హెచ్‌ఓ అంటే అసలు దానిలో 87వ వంతు, లెక్కేస్తే 19.3 రావాలి. ఈయన పట్టా 16.5. అది 1435 స్టాండర్డ్ గేజ్ కి సరిపోయేది. ఆ పట్టా మీద డబ్ల్యూఏపీ-7 నిలబెడితే చక్రాలు లోపలికి ముడుచుకున్నట్టు కనిపిస్తుంది. హైదరాబాద్ మెట్రో అయితే స్టాండర్డ్ గేజే, దాని మోడల్ పెట్టుకుంటే సరిగ్గా ఉంటుంది.

ఉప్మా_ఎక్స్‌ప్రెస్:
మూర్తి గారూ, ఆ పాపకి 19.3 ఎందుకండీ?

మూర్తి_కాజీపేట:
ఇప్పుడు చెప్పకపోతే ఎప్పుడు తెలుస్తుంది.

గెప్పింగెన్_బాబాయ్:
మార్క్‌లిన్ కూడా 16.5 నే, అయినా ఎవరూ ఏడవలేదు.

శ్రీను_స్టుట్‌గార్ట్:
సెట్ ఇంజన్ 4, డబ్ల్యూఏపీ 7 అయ్యాయి, ఒకటి ఆగింది ఒకటి కదిలింది, థాంక్స్ అన్నా. రెండోది స్లేవ్ లో పెట్టా గానీ దాని మెనూ అంతా ఏదో భాషలో ఉంది, జర్మన్ కూడా కాదు. రేపు చూస్తా.

టంకం:
ముందు భాష మార్చుకో, అదీ సెట్టింగ్స్ లోనే.

మూర్తి_కాజీపేట:
19.3 పట్టా చేత్తో వేసుకోవచ్చు, స్లీపర్లకి ఐస్‌క్రీమ్ పుల్లలు సన్నగా కోస్తే చాలు, ఫోటోలు పెడతాను.

గెప్పింగెన్_బాబాయ్:
శ్రీనూ, ఆ సెట్ ఇంజన్ అమ్ముతావా ఎప్పుడైనా?