ఇంటి గడపకు ఎపాక్సీ పూయడం మేలా, కీడా?

కొర్లగుంట గృహస్థుడు:

మా ఇల్లు తిరుపతిలో ఉంది, పడమటి వాకిలి. ద్వారబంధం, గడప రెండూ మా తాతగారి కాలం నాటి టేకువి. 2021 నవంబరులో ఊరిని ముంచెత్తిన వరదలో గడప బాగా నానిపోయింది. ఆ తరువాత పైభాగంలో సన్నని నెర్రెలు విచ్చాయి, ఎడమవైపు నిలువు పట్టె గడపతో కలిసే మూల కొంచెం మెత్తబడింది. వారం వారం కడిగి పసుపు పూస్తాం కాబట్టి ఎంత మంచి వార్నిష్ వేయించినా ఏడాది తిరగకముందే పొరలుగా లేచిపోతోంది. ఇప్పుడు ఇంటి మరమ్మతు చేస్తున్న మేస్త్రి, గడప మీద ఎపాక్సీ రెజిన్ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత) మందంగా పోస్తే అద్దంలా ఉంటుందని, ఇక నీరు అంటదని అంటున్నారు. వడ్రంగం తెలిసిన మా మామగారు మాత్రం కొయ్యను అలా మూసేస్తే లోలోపల పుచ్చిపోతుందని గట్టిగా వారిస్తున్నారు. ఇద్దరిలో ఎవరి మాట సరైనదో కారణాలతో సహా చెప్పవలసిందిగా పెద్దలను కోరుతున్నాను.

రేణిగుంట బల్లల తయారీదారు:

నేను రెజిన్ బల్లలు చేస్తాను కనుక ఎపాక్సీ పక్షాన మాట్లాడతాను. కొయ్యకు ఊపిరి ఆడాలన్నది అందరూ అనే మాటే కానీ, కోసిన కొయ్యకు ప్రాణం లేదు, ఊపిరీ లేదు. అది చేసేదల్లా గాలిలోని తేమను పీల్చుకోవడం, తిరిగి విడిచిపెట్టడం. ఆ రాకపోకలను తగ్గించగలిగితే కొయ్య ఉబ్బడం, కుంచించుకుపోవడం తగ్గుతాయి, నెర్రెలూ తగ్గుతాయి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో గూజన్ సోదరులు 1969లో మొదలుపెట్టిన సంస్థ కొయ్య పడవలకు ఎపాక్సీ పట్టించే పద్ధతినే తన వృత్తిగా మలుచుకుంది. నీళ్లలోనే బతికే పడవను కాపాడిన పూత, వారానికోసారి తడిసే గడపను కాపాడలేదంటే నేను ఒప్పుకోలేను.

అయితే పని పద్ధతిగా జరగాలి. పాత వార్నిష్‌ను పూర్తిగా గీకి, 80 నంబరు సాండ్ పేపరుతో రుద్ది, దుమ్ము తుడవాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి పూత వేయడానికి కాస్త ముందు అసిటోన్‌తో తుడిస్తే పట్టు కుదురుతుంది. మొదట పలుచని పూత వేసి రంధ్రాలు మూసుకోనివ్వాలి. అలా కాకుండా ఒకేసారి మందంగా పోస్తే కొయ్యలోని గాలి బుడగలై పైకి వచ్చి అక్కడే చిక్కుకుంటుంది. త్వరగా గట్టిపడాలని హార్డెనర్, అంటే రెజిన్‌ను గట్టిపరిచే రెండో ద్రవం, ఎక్కువ కలపడం చాలామంది చేసే పొరపాటు. మిగిలిపోయిన హార్డెనర్ పూతను మెత్తగా, జిగటగా ఉంచుతుందే తప్ప గట్టిపరచదు. డబ్బా మీద కొలత ఘనపరిమాణంలో ఇచ్చారా, బరువులో ఇచ్చారా అన్నది కూడా చూసుకోవాలి. రెజిన్, హార్డెనర్‌ల సాంద్రతలు వేరు కనుక ఒకదాని అంకెను మరొకదానికి వాడితే పాళ్లు తప్పుతాయి.

చిత్తూరు సివిల్ ఇంజినీరు:

తయారీదారు గారు చెప్పిన పద్ధతిలో నాకు తప్పు కనబడలేదు. నా అభ్యంతరమల్లా పడవతో పెట్టిన పోలిక మీదే. ఆ పద్ధతిలో కట్టే పడవలో కొయ్య అంతటికీ, లోపలా బయటా, కోసిన చివరలకు కూడా పూత పడుతుంది, అదీ కొయ్య బాగా ఎండి ఉన్నప్పుడు. గోడలో కూర్చున్న గడపకు మనం పూయగలిగేది పైముఖం, ముందు వెనుక అంచులు మాత్రమే. అడుగు సిమెంటు మీద కూర్చుని ఉంటుంది, రెండు చివరలూ గోడలోకి దిగి ఉంటాయి. కొయ్యలో నీటిని అన్నిటికంటే వేగంగా పీల్చేది కొయ్య పోగుల, అంటే ఈనల, చివరలు తెరుచుకుని ఉండే ఆ కోసిన ముఖాలే, మన కుంచెకు అందనివీ అవే.

పునాదిలో తేమను ఆపే పొర సరిగా లేని పాత ఇళ్లలో నేలలోని తడి ఇటుక, సున్నం, సిమెంటు గుండా పైకి పాకుతుంది. ఈశాన్య రుతుపవనం మన జిల్లాలకు వాన తెచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో ఇది మరీ ఎక్కువ. ఇప్పటివరకు గడప ఆ తడిని కింద నుంచి పీల్చి, పైముఖం నుంచి ఎండకు విడిచిపెడుతూ వచ్చింది. వార్నిష్ లేచిపోవడానికి కడగడం ఒక్కటే కారణం కాదని, కింద నుంచి వచ్చే ఈ తేమ కూడా దాన్ని నెడుతుందని నా అనుమానం. ఇప్పుడు పైముఖాన్ని మూస్తే తడి వచ్చే దారి అలాగే ఉంటుంది, పోయే దారి మాత్రం మూసుకుంటుంది. కొయ్యను కుళ్లించే బూజు పెరగాలంటే అందులో తేమ సుమారు 20 శాతం దాటి నిలిచి ఉండాలి, 30 శాతానికి చేరువైతే దానికి పండుగే. ఊపిరి అన్న మాటను పక్కన పెట్టినా, మామగారు చెప్పిన ఫలితం నిజమే.

ఇంకొక సంగతి. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి మానులోని పెరుగుదల వలయాల వెంబడి దాదాపు 5.8 శాతం, వాటికి అడ్డంగా 2.5 శాతం కుంచించుకుపోతుంది. ఎండిన కొయ్యలో కదలిక ఇంతకంటే చాలా తక్కువే అయినా, నిలువు పట్టె ఈన, గడప ఈన ఒకదానికొకటి అడ్డంగా ఉన్నాయి కనుక కదలిక భారమంతా ఆ అతుకు దగ్గరే పడుతుంది. అక్కడ పూత వెంట్రుకవాసి పగిలినా నీరు లోపలికి వెళుతుంది, తిరిగి రాదు. మెత్తబడిన మూల కూడా అక్కడే ఉందన్నది మరచిపోకూడదు.

తిరుచానూరు గృహిణి:

ఇంజినీరు గారి మాటలకు తోడుగా, ఆ గడపతో రోజూ మెలిగేవారి తరఫున చెబుతున్నాను. కార్తీక మాసమంతా గడప మీద దీపాలు పెడతాం. ఇత్తడి ప్రమిద అడుగు ఎంత కాలుతుందో చేత్తో తీసినవారికి తెలుసు. ఇంటి వాతావరణంలోనే గట్టిపడే సాధారణ ఎపాక్సీ సుమారు 50, 60 డిగ్రీల వేడికే మెత్తబడుతుందని బల్లలు అమ్మేవారే వేడి గిన్నెలు పెట్టవద్దని హెచ్చరిస్తారు. పడమటి వాకిలిలో మే నెల ఎండకు ముదురు రంగు కొయ్య ముట్టుకోలేనంత కాలుతుంది. దీపం పెట్టవద్దని ఇంట్లో ఆడవాళ్లకు చెప్పవలసి వస్తే అది గడపకు చేసిన మేలు కాదు. పైగా నున్నని పూత మీద తడి పసుపు నిలవక జారుతుంది, తడి కాళ్లతో అడుగుపెట్టే పెద్దవారికి అది ప్రమాదం.

రేణిగుంట బల్లల తయారీదారు:

అమ్మా, దీపం విషయంలో మీరు చెప్పినది నిజం, దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఎండ సంగతి కూడా నేనే చెప్పి ఉండవలసింది. సూర్యకాంతిలోని అతినీల లోహిత కిరణాలకు ఎపాక్సీ పసుపుబారి, తరువాత సుద్దలా పొడిపొడి అవుతుంది. ఆ కిరణాలను తట్టుకునే రెండు భాగాల పాలీయురిథేన్ వార్నిష్ పైన వేసి, అది అరిగినప్పుడల్లా మళ్లీ వేయించుకోవాలి. ఒక్కసారి పోస్తే జీవితాంతం చూడనక్కరలేదని ఏ మేస్త్రి అన్నా నమ్మవద్దు.

అయినా ఎపాక్సీని పూర్తిగా తోసిపుచ్చడం న్యాయం కాదు. మెత్తబడిన మూలకు దానికి మించిన జిగురు లేదు. పలుచన చేసిన ఎపాక్సీని ఆ మూలలోకి ఇంకించి గట్టిపరచవచ్చు కదా?

చిత్తూరు సివిల్ ఇంజినీరు:

ఇంకించడం మీద నాకు నమ్మకం లేదు. తడిగా ఉన్న కుళ్లులోకి అది లోతుగా దిగదు, పైన గట్టి పెంకు కట్టి కింది జబ్బును కనబడకుండా చేస్తుంది. ముందు సన్నని ఆరతో గుచ్చి చూడండి. సులువుగా దిగినంత మేరా ఉలితో తీసేసి, గట్టి చేవ తగిలాక ఆగండి. తేమ కొలిచే చిన్న పరికరం వడ్రంగుల దగ్గర దొరుకుతుంది, మిగిలిన కొయ్య 12 శాతం దరిదాపులకు దిగేదాకా ఆరనివ్వండి. ఆపైన అదే ఈన దిశలో కోసిన ఎండు టేకు ముక్కను ఎపాక్సీతో అతికించండి. ఇక్కడ తయారీదారు గారితో నాకు పూర్తి ఏకీభావం ఉంది, ఎపాక్సీ గొప్ప జిగురు. గోడలో ఉన్న గడపకు దాన్ని చర్మంగా తొడగవద్దన్నదే నా వాదన.

పైముఖానికి వేడి చేసిన అవిసె నూనెను, అంటే రంగుల దుకాణంలో దొరికే బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్‌ను, పలుచగా పట్టించి మిగులును తుడిచేయండి. అది తేమను పూర్తిగా ఆపదు, మనకు కావలసిందీ అదే. ఏటా వానలకు ముందు మళ్లీ పట్టించాలి, ఆ శ్రమ తప్పదు. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, కాబట్టి విప్పి ఆరవేయండి.

కొర్లగుంట గృహస్థుడు:

అందరికీ కృతజ్ఞతలు. ఆరతో గుచ్చి చూశాము, మూలలో బొటనవేలు లోతున దిగింది, మిగతా గడపంతా గట్టిగానే ఉంది. ఆ మూల వరకు చెక్కించి అతుకు వేయించి, పైన నూనె పట్టిస్తాము. ఇక పెరటి వాకిలికి కొత్త గడప చేయిస్తున్నాము, ఇంకా గోడలో పెట్టలేదు. దానికి కూడా ఎపాక్సీ వద్దంటారా?

రేణిగుంట బల్లల తయారీదారు:

దానికి తప్పక వేయించండి, ఇంజినీరు గారు కూడా కాదనరనుకుంటాను. కూసాలు (అతుకులో దూర్చే కొనలు), తొలులు (అవి దూరే రంధ్రాలు) అన్నీ కోయడం పూర్తయ్యాక, గోడలో పెట్టకముందు ఆరు ముఖాలకూ పూయాలి. కోసిన చివరలకు మాత్రం పూత పీల్చుకున్న కొద్దీ పచ్చిగా ఉండగానే మళ్లీ మళ్లీ వేయాలి. ఎండాకాలంలో సాయంత్రం మొదలుపెట్టండి. వేడికి రెజిన్ గిన్నెలోనే గట్టిపడకుండా ఉంటుంది, పైగా చల్లబడే కొయ్య గాలిని బయటకు వదలకుండా లోపలికి తీసుకుంటుంది కనుక బుడగలు రావు. హార్డెనర్ చర్మానికి పడదు, ఒకసారి దురద పట్టుకుంటే తరువాత కొంచెం తగిలినా వస్తుంది, కాబట్టి పనివాళ్లకు నైట్రైల్ చేతితొడుగులు ఇవ్వండి. అడుగున సిమెంటు నేరుగా తగలకుండా తారు పూసిన ఫెల్టు పరచండి.

చిత్తూరు సివిల్ ఇంజినీరు:

కాదనను. బిగించేటప్పుడు మేకుకు రంధ్రం వేసినా, ఉలితో అంచు సవరించినా, అక్కడ మళ్లీ పూసిన తరువాతే గోడలో కూర్చోబెట్టమని మేస్త్రికి గట్టిగా చెప్పండి. ఆ గడప మీద దీపం పెట్టదలచుకుంటే ప్రమిద కింద చిన్న రాతి పలక ఉంచండి.